దర్బార్‌లో ఆడవాళ్ళ పాయింటు

మిలిటరీ క్రమశిక్షణ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను చప్పట్ల గురించి చెబుతాను. మా ఆర్మీ డిపోలో చప్పట్లకు కూడా రిహార్సల్ జరిగేది. ఏ మాట వినగానే మొదలుపెట్టాలి, ఎంత ఊపుగా కొట్టాలి, ఎప్పుడు అందరూ ఒక్కసారిగా ఆపాలి అన్నది సుబేదార్ సాబ్ ముందురోజే దగ్గరుండి నేర్పేవారు. సరిగ్గా కొట్టనివాళ్ళతో మళ్ళీ కొట్టించేవారు. ఇది దేశరక్షణకు ఎలా పనికొస్తుందో నాకు ఇప్పటికీ తెలియదు.

డిపో శామీర్‌పేట దారిలో, పొడుగాటి ప్రహరీ గోడ వెనక ఉంటుంది. లోపల యూనిఫాం వాళ్ళుంటారు, నాలాంటి సివిలియన్లూ ఉంటారు. నేను మేడ్చల్ నుంచి రోజూ షేర్ ఆటోలో వచ్చి కంప్యూటర్ ముందు కూర్చునే క్లర్కుని. నిజానికి ఆ ఉద్యోగం మా నాయినది. ఆయన అదే డిపోలో పెట్టెలు మోసే మజ్దూర్. సర్వీసులో ఉండగానే గుండెపోటుతో పోతే, ఆ మీదట నాకిచ్చారు. మా అమ్మ దాన్ని ఉద్యోగం అనదు. పొద్దున్నే టిఫిన్ డబ్బా చేతికిస్తూ, “మీ నాయినను మంచిగ సూసుకో బిడ్డా” అంటుంది.

ఆ నాయినను చూసుకోవడంలో భాగంగా నేను ఒక మేజర్ గారి కింద పనిచేశాను. మా ఆఫీసు మొత్తానికి ఆయనే అధికారి. ఇప్పుడు కూడా గారు అనే రాస్తున్నాను, అలవాటు అలాంటిది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన నన్ను ఫైలు పట్టుకుని రమ్మనేవారు. లోపలికి వెళ్ళగానే తలుపు మూయమనేవారు. ఏసీ గాలి బయటికి పోతుందట. సర్కారు కరెంటు గురించి అంత బాధపడే అధికారిని నేను మళ్ళీ చూడలేదు. తర్వాత నా కుర్చీ వెనక నిలబడి స్క్రీన్ మీద తప్పులు వెతికేవారు. ఆ వెతుకులాటలో చెయ్యి భుజం మీదికి వచ్చేది, అక్కడి నుంచి మెడ మీదికి పోయేది. నేను పక్కకు జరిగితే నవ్వేవారు. “ఇదంతా ఒకటే పరివారం. పరివారంలో భయమెందుకు?” అనేవారు. మా పరివారంలో, అంటే మా ఇంట్లో, ఎవడైనా అలా చెయ్యి వేస్తే మా అమ్మ చీపురు తిరగేసేది.

నేను మాత్రం ఫైలు మూసుకుని బయటికి వచ్చి, నల్లా దగ్గర మెడ కడుక్కుని, మళ్ళీ టైపు చేసుకుంటూ కూర్చునేదాన్ని. అసహ్యం వేసేది. అంతకంటే భయం వేసేది. నా ఉద్యోగం ఇంకా పర్మినెంట్ కాలేదు. పర్మినెంట్ చేయవచ్చు అని రాసి సంతకం పెట్టాల్సింది కూడా ఆయనే. ఆ సంగతి ఆయన నాకు అప్పుడప్పుడు ప్రేమగా గుర్తుచేసేవారు.

చెప్పలేదా అంటారేమో. చెప్పాను. మొదట మా హెడ్ క్లర్కుకు చెప్పాను. ఆయన్ని అందరూ బడే బాబు అంటారు. తల పండిన మనిషి, నాయినతో కలిసి చాయ్ తాగిన మనిషి. నేను చెబుతుంటే ఆయన కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు. నేను చెప్పడం అయిపోయినా తుడవడం అయిపోలేదు.

“అర్జీ పెట్టుకో బిడ్డా,” అన్నాడు చివరికి. “త్రూ ప్రాపర్ ఛానెల్.”

ప్రాపర్ ఛానెల్ అంటే మా దగ్గర అర్థం ఇది: మేజర్ గారి మీద ఫిర్యాదును మేజర్ గారికే ఇవ్వాలి. ఆయన చదివి, సబబుగా ఉందనిపిస్తే పైకి పంపిస్తారు. ఇంత మంచి ఏర్పాటు దొంగలకు కూడా ఎవరూ చేసిపెట్టరు.

గేటు పక్కన ఒక బోర్డు ఉండేది. మహిళా ఉద్యోగులు వేధింపుల గురించి ఈ కమిటీకి చెప్పుకోవచ్చని మూడు భాషల్లో రాసి ఉండేది. కమిటీ అధ్యక్షురాలు వేరే యూనిట్‌లో ఉండే ఒక మేడమ్. మహిళా దినోత్సవం నాడు వచ్చి, కేకు కోసి, మాకందరికీ ధైర్యంగా ఉండాలని చెప్పి వెళ్ళేవారు. సభ్యుల్లో ఒకరు పరిపాలన చూసే అధికారి. ఆ అధికారి ఎవరో చెప్పనక్కర్లేదు. బోర్డు ఎప్పుడూ తళతళలాడుతూ ఉండేది, ఎందుకంటే దానికి రంగు వేయించే బాధ్యత కూడా మేజర్ గారిదే.

ఇక మిగిలింది పెద్దసారు, అంటే కమాండెంట్. ఆయన్ని కలవాలంటే సుబేదార్ సాబ్‌ను అడగాలి. సుబేదార్ సాబ్ ఉత్తరాది మనిషి, చెడ్డవాడు కాదు. ఎందుకు కలవాలి బేటీ అని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కాసేపు సీలింగ్ ఫ్యాన్ వైపు చూశారు. కలవాలంటే కారణం రాసివ్వాలనీ, ఆ కారణాన్ని ముందు మేజర్ సాబ్ చూడాలనీ చెప్పారు. “ఎందుకమ్మా తలనొప్పి. ఆఫీసర్లు ఎప్పుడూ ఒకచోట ఉండరు. ఆయన కూడా ఒకరోజు బదిలీ మీద పోతారు,” అని ఓదార్చారు. వానాకాలం పోయినట్టు పోతాడని ఆయన ఉద్దేశం.

ఇంట్లో అమ్మకు చెబితే తలుపు గడియ పెట్టి మరీ ఏడ్చింది.

“దూరం దూరం ఉండు బిడ్డా. గీ నౌకరి పోతే ఏం జేస్తవ్? గల్లీల పోరగాండ్లు అందరు జీడిమెట్ల కంపెనీలల్ల షిఫ్టులు జేసుకుంట పరేషాన్ అయితలేరా? మీ నాయిన పానం బోతె వచ్చిన నౌకరి గిది.”

“నేను కుర్చీ ఎంత దూరం జరిపినా ఆయన చెయ్యి అందుతాంది అమ్మా,” అన్నాను.

అమ్మ ఆదివారం చర్చిలో పాస్టరమ్మ చెవిన వేసింది. ఆమె నా తల మీద చెయ్యి పెట్టి, ఆ అధికారి మనసు మారాలని ప్రార్థన చేసింది. సోమవారం మధ్యాహ్నం మళ్ళీ ఫైలు పట్టుకుని రమ్మన్నారు. మనసు సంగతి తెలియదు గానీ చెయ్యి మాత్రం మారలేదు.

అలాంటి రోజుల్లో దర్బార్ వచ్చింది. మా దగ్గర నెలకోసారి దర్బార్ జరుగుతుంది. పెద్ద హాల్లో సివిలియన్లందరినీ కూర్చోబెట్టి, పెద్దసారు వేదిక మీద నుంచి కష్టసుఖాలు అడుగుతారు. ఎవరైనా లేచి ఏదైనా చెప్పుకోవచ్చు. చెప్పుకున్నదాన్ని పాయింటు అంటారు. వినడానికి రాజుల కాలం నాటి న్యాయంలా ఉంటుంది. కానీ ఎవరు లేవాలో, ఏం చెప్పాలో సుబేదార్ సాబ్ ముందే పంచిపెడతారు. ఒకరికి సైకిల్ స్టాండు రేకులు, ఒకరికి క్యాంటీన్ చాయ్, ఒకరికి మంచినీళ్ళ కూలర్. పాయింట్లనూ, వాటికి పెద్దసారు చెప్పాల్సిన జవాబులనూ టైపు చేసేది నేనే. వాళ్ళ కష్టమూ నేనే రాసి, దానికి దయ కూడా నేనే రాసేదాన్ని. జవాబు ఎప్పుడూ ఒకటే: మంజూర్. మంజూర్ అనగానే చప్పట్లు.

ప్రతి దర్బార్‌లోనూ ఆడవాళ్ళకు ఒక పాయింటు ఉండాలని పైనుంచి హుకుం. అంతకుముందు నెల దాన్ని సఫాయి పని చేసే పెద్దమ్మకు ఇచ్చారు. ఆమెది శామీర్‌పేట చెరువులో చేపలు పట్టుకునేవాళ్ళ ఇల్లు, మాలో అందరికంటే పాతమనిషి. ఆమె లేచి, చెప్పాల్సింది మరిచిపోయి, “మంచిగున్నవా సారూ? బక్కగైనవ్” అని పెద్దసారును పలకరించి కూర్చుంది. సుబేదార్ సాబ్‌కు ఆ వారమంతా తిండి సయించలేదు. అందుకని ఈసారి చదువుకున్నదాన్ని, బుద్ధిమంతురాలిని కదా అని ఆ పాయింటు నాకు అంటగట్టారు. ఆడవాళ్ళ బాత్రూం తలుపుకు గొళ్ళెం లేదు, పెట్టించాలి. ఇదీ నా పాయింటు.

రిహార్సల్లో బుద్ధిగానే చెప్పాను. సుబేదార్ సాబ్ మెచ్చుకున్నారు. మర్నాడు హాల్లో మొదటి వరుసలో కూర్చున్నాను. వేదిక మీద పెద్దసారు, ఆయన పక్క కుర్చీలో మేజర్ గారు. సైకిల్ స్టాండు మంజూరైంది. చాయ్ మంజూరైంది. కూలర్ మంజూరైంది. చప్పట్లు పడుతున్నాయి, ఆగుతున్నాయి. మేజర్ గారు కాలు మీద కాలు వేసుకుని నా వైపు చూసి చిన్నగా నవ్వారు. ఆ నవ్వు చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. నేను పెద్ద ధైర్యవంతురాలినేమీ కాదు, ఒళ్ళు మండింది, అంతే. నా వంతు రాగానే లేచి నిలబడ్డాను.

నాకు వచ్చిన హిందీలో చెప్పాను. “సార్, గొళ్ళెం సంగతి తర్వాత చూద్దాం. రోజూ మధ్యాహ్నం మేజర్ సాబ్ నన్ను గదిలోకి పిలిచి, తలుపు మూయించి ఒంటి మీద చెయ్యి వేస్తున్నారు. వద్దంటే మానడం లేదు. నన్ను ఆయన కింద నుంచి తీసేసి వేరే సెక్షన్‌లో వేయండి.”

హాల్లో తలలన్నీ నా వైపు తిరిగాయి. పెద్దసారు మాత్రం ముక్కు మీదికి జారిన కళ్ళజోడులోంచి చేతిలో కాగితం చూస్తున్నారు. ఆయన వేలు ఆడవాళ్ళ పాయింటు కింద రాసిన జవాబు మీద ఉంది. నేను ఆపగానే తలెత్తి, నిండుగా నవ్వి, గొంతు పెద్దది చేసుకుని చదివారు.

“చాలా మంచి పాయింటు. మంజూర్. సిబ్బంది సౌకర్యమే మా మొదటి బాధ్యత. ఈ నెలలోనే పని పూర్తి చేసి నాకు చెప్పాలి.”

చప్పట్లు! ఏం చప్పట్లు! అంత బాగా రిహార్సల్లో కూడా పడలేదు. మంజూర్ అన్న మాట వినపడితే చేతులు వాటంతట అవే లేచే మనుషులం మేము. బడే బాబు కొట్టాడు. సుబేదార్ సాబ్ కొట్టారు. అలవాటు కొద్దీ మేజర్ గారు కూడా కొట్టారు, సగంలో గుర్తొచ్చి, రెండు చేతులూ గాలిలో అలాగే పట్టుకుని ఉండిపోయారు. వెనక వరుసలోంచి పెద్దమ్మ గొంతు హాలంతా వినిపించింది.

“ఇన్నడో లేదో గని, మంజూరైతే జేసిండు పో!”

ఆడవాళ్ళ వరుసలో ఎవరో కొంగు నోట్లో కుక్కుకున్నారు. పెద్దసారు ఆ నవ్వును కూడా సంతోషం కిందే లెక్కవేసుకుని, జైహింద్ చెప్పి వెళ్ళిపోయారు.

అసలు చిక్కు ఆ తర్వాత మొదలైంది. దర్బార్‌లో పెద్దసారు నోట మంజూర్ అన్న మాట వస్తే దాన్ని వెనక్కి తీసుకునే పద్ధతి మా డిపోలో లేదు. ఏం అడిగారు, ఏం మంజూరైంది అన్నది టైపు చేసి, పెద్దసారు సంతకంతో పై ఆఫీసుకు పంపాలి. వచ్చే నెల దర్బార్‌లో ఆ పని పూర్తయిందని చదివి వినిపించాలి. టైపు చేయాల్సింది నేనే కాబట్టి, నేను అడిగింది అడిగినట్టు, ఆయన చెప్పింది చెప్పినట్టు కొట్టాను. ఒక్క అక్షరం కలపలేదు. ఆ సాయంత్రమే వడ్రంగి వచ్చి ఆడవాళ్ళ బాత్రూంకు ఇత్తడి గొళ్ళెం బిగించి పోయాడు. ఏళ్ళ తరబడి లేని గొళ్ళెం!

సుబేదార్ సాబ్ నా టేబుల్ దగ్గరికి వచ్చి, ఆ కాగితం చదివి, నుదురు తుడుచుకున్నారు. “బేటీ, నీ పాయింటు గొళ్ళెమే కదా? గొళ్ళెం వచ్చేసింది కదా?”

“గొళ్ళెం మీ పాయింటు సార్. నాది వేరే.”

“ఇలా రాస్తే పెద్దసారు సంతకం పెడతారా?”

“ఆయన మంజూర్ చేసిందే కదా సార్ రాశాను.”

ఆయన బతిమాలారు, బెదిరించారు, మా నాయినను గుర్తుచేశారు. నేను వినలేదు. భయం లేక కాదు, కానీ అందరి ముందూ అనేశాక ఇక మింగడానికి ఏం మిగిలింది?

పై ఆఫీసుకు పోయే కాగితం కాబట్టి పెద్దసారు సంతకం పెట్టేముందు దాన్ని చదివారు. దర్బార్‌లో నేనన్న మాట ఆయన బుర్రకెక్కడం అదే మొదటిసారి. నన్ను పిలిపించారు. మొహం కందగడ్డలా ఉంది.

“ఇదంతా నువ్వెప్పుడు చెప్పావు?”

“మీరు మంజూర్ చేయకముందు సార్.”

“నా దగ్గరికి నేరుగా రావచ్చు కదా! నా గది తలుపు అందరికీ ఎప్పుడూ తెరిచే ఉంటుంది.”

తెరిచే ఉంటుంది, నిజమే. ఆ తలుపు దాకా పోవాలంటే మేజర్ గారి చీటీ కావాలన్నది ఆయనకు తెలియదో, తెలిసీ మరిచిపోయారో. ఆ మాట నేను అన్నాను కూడా.  డిపో డిపో అంతా చప్పట్లు కొట్టిన మంజూరును జరగలేదని అనలేక కమిటీని పిలిపించారు.

కేకు కోసే మేడమ్ వచ్చారు. మేజర్ గారి బదులు ఇంకో అధికారిని కూర్చోబెట్టారు. నన్ను అడిగిన ప్రశ్నలు ఇప్పటికీ గుర్తున్నాయి. ఇన్నాళ్ళూ ఎందుకు ఊరుకున్నావు? ఊరుకున్నదానివి అందరి ముందు ఎందుకు అన్నావు? ఆయన చెయ్యి వేసింది ఆప్యాయంగానా, ఇంకోలాగానా? అరవలేదెందుకు? పెళ్ళి ఎందుకు చేసుకోలేదు? ఈ చివరి ప్రశ్న మేడమే అడిగారు, ధైర్యంగా ఉండమని ఏటేటా చెప్పే మేడమ్. చెయ్యి ఎవరిదో వాళ్ళకు పట్టలేదు. మెడ ఎలాంటిదో తేల్చడానికే కూర్చున్నట్టున్నారు.

సాక్ష్యానికి బడే బాబు రాలేదు, బీపీ పెరిగిందట. పెద్దమ్మ మాత్రం పిలవకుండానే వచ్చింది. “తలుపు మూసుడు నేను సూసిన. ఈ పిల్ల ఏడ్సుకుంట నల్లా కాడికి ఉరుకుడు సూసిన. ఇగ లోపలేమైతాందో నాకు ఎర్క లేదా? నేను ఆడిదాన్ని కానా?” అంది. దాన్ని హిందీలోకి మార్చమని నన్నే అడిగారు. మార్చాను, ఏడుపు ఆపుకుంటూ.

తీర్పు వచ్చింది. మేజర్ గారిని పరిపాలనా కారణాల మీద కోస్తా వైపు ఉన్న ఇంకో డిపోకు బదిలీ చేశారు. అంతే. తప్పు చేశారని ఎక్కడా రాయలేదు. నాకు మాత్రం, పద్ధతి తప్పి పాయింటు లేవనెత్తినందుకు, ప్రొబేషన్ ఇంకో ఏడాది పొడిగించారు. అంటే వచ్చే కొత్త అధికారి సంతకం పెడితేనే మా నాయిన ఉద్యోగం నాకు దక్కుతుంది. చెయ్యి వేసినవాడికి బదిలీ, వద్దన్నదానికి శిక్ష. దీన్ని కూడా న్యాయమనే అన్నారు.

పోతూ పోతూ ఆయనకు వీడ్కోలు టీ ఇచ్చారు. సమోసాలు, శాలువా, మెమెంటో. ఒక్కో సెక్షన్ నుంచి ఒకరు లేచి ఆయన గొప్పతనం చెప్పాలని ఆనవాయితీ. మా సెక్షన్ పేరు పిలిచాక బడే బాబు నేల చూపులు చూస్తుంటే, నేనే లేచాను. సుబేదార్ సాబ్ గుడ్లు తేలేశారు.

“రెండు మంచి మాటలు చెప్పమన్నారు,” అన్నాను. “సార్ పోతున్నారు. మళ్ళీ రారు.”

ఈసారి రిహార్సల్ లేని చప్పట్లు ఆడవాళ్ళ వైపు నుంచి పడ్డాయి. నేను కూర్చుని సమోసా మొత్తం తిన్నాను. చాలా రోజుల తర్వాత తిండి సయించిన రోజు అది.

కానీ ఆ సంతోషం మర్నాటికే ఇంకిపోయింది. ఆయన ఇక్కడి నుంచి పోతున్నాడు, నిజమే. అక్కడికి చేరుతున్నాడు కదా. అక్కడా ఒక ఆఫీసు ఉంటుంది, అందులో కంప్యూటర్ ముందు ఒక ఆడపిల్ల కూర్చుని ఉంటుంది, ఆమెకూ ఒక అమ్మ ఉంటుంది. మేజర్ గారితో పాటు వెళ్ళే కాగితాలన్నీ నేనే సర్దాను. వాటిలో ఆయన క్రికెట్ బాగా ఆడతారని ఉంది గానీ ఇది లేదు. ఆ పిల్లకు ఎవరు చెబుతారు?

టేబుల్ మీది ఆర్మీ ఫోను తీసి ఎక్స్ఛేంజ్‌కి చెప్పి, ఆ డిపో ఆఫీసు కలపమన్నాను. ఒక అమ్మాయి ఎత్తింది. గోదావరి వైపు మాట.

“నేనెవరో నీకు తెలవదు చెల్లే,” అన్నాను. “మీకొక మేజర్ వస్తున్నడు.”

“అవునండీ, ఆర్డరొచ్చిందండి.”

“ఆయనతోని జర పైలం. ఒక్కదానివే గదిలకు పోకు.” గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పేశాను.  

“అక్కా,” అంది. “మీ దగ్గరికి ఆయన బదులు ఎవరొస్తున్నారో చూశారాండీ?”

“పేరు చూసిన. ఏ ఊరి నుంచో చూడలే.”

“మా దగ్గర్నుంచేనండి. ఆయనా అదే రకమండి, మేమంతా కలిసి గొడవపడితే ఇక్కడ్నుంచి తీసేశారు. నిన్ననే వీడ్కోలు పార్టీ కూడా ఇచ్చారండి. మీకు ఫోన్ చేద్దామని పొద్దున్నుంచీ నంబర్ కోసం వెతుకుతున్నాను, ఈలోపు మీరే చేశారు.”

ఇంతమంది పెద్దమనుషులు, భుజాల మీద ఇన్ని నక్షత్రాలు, ఇన్ని సంతకాలు కలిసి చేసింది ఇది. అక్కడి చెయ్యి ఇక్కడికి, ఇక్కడి చెయ్యి అక్కడికి.  నా ప్రొబేషన్ మీద సంతకం పెట్టబోయేది ఆ వచ్చేవాడే.

“ఆగు చెల్లే, ఫోన్ పెట్టకు,” అన్నాను. “మా ఆడోళ్ళందర్ని పిలుస్త. మొదటి సంది చెప్పు.”